గడప దాటితే గెలుపే

లెబనాన్ పార్లమెంటులో సభ్యులు 128 మంది. అధ్యక్షుణ్ని ఎన్నుకోవాలంటే సభలో కనీసం 86 మంది కూర్చుని ఉండాలి. అంటే 43 మంది లేచి బయటికి నడిస్తే చాలు, దేశానికి అధ్యక్షుడుండడు. గెలవాలంటే జనం కావాలి, పొత్తులు కావాలి, నాలుగు మంచి మాటలైనా కావాలి. ఎదుటివాణ్ని గెలవనివ్వకుండా ఉండటానికి మాత్రం కాళ్లుంటే చాలు.

ఈ కాళ్ల బలంతోనే ఆ దేశాన్ని 2022 అక్టోబరు చివరి నుంచి 2025 జనవరి 9 దాకా అధ్యక్షుడు లేకుండా నడిపించారు. నడిపించారనడం మర్యాద కోసం.

మిషెల్ ఔన్ పదవీకాలం ముగియడానికి నెల ముందే మొదటి ఓటింగ్ జరిగింది. అగ్రస్థానం తెల్లకాగితానికి: 63 ఓట్లు. మనిషిగా పుట్టిన అభ్యర్థుల్లో ముందున్న మిషెల్ మువావద్‌కు 36. ఆశ్చర్యమేముంది? తెల్లకాగితం మాట మార్చదు, వాటా అడగదు, ముఖ్యంగా దానికి అల్లుడు లేడు. దిగిపోతున్న అధ్యక్షుడికి ఉన్నాడు, జిబ్రాన్ బాసిల్. మామగారి కుర్చీ మీద అల్లుడుగారికి ఆశ లేదని బీరుట్‌లో ఎవరూ ప్రమాణం చేయరు.

అధ్యక్షుడు మారోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకరు షియా అన్నది అక్కడి ఆనవాయితీ. ఆ స్పీకరు నబీహ్ బెర్రీ 1992 నుంచీ అదే కుర్చీలో ఉన్నారు. అధ్యక్షులకు కరువొచ్చింది గానీ స్పీకరుకు ఒక్కరోజూ రాలేదు! రెండో రౌండులో గెలవడానికి 65 ఓట్లు చాలు, కానీ ఆ రౌండుకూ 86 మంది హాజరు ఉండాల్సిందేనని ఆయన భాష్యం. కాబట్టి తంతు ఇలా సాగేది: మొదటి రౌండులో బుద్ధిగా ఓటేయడం, లెక్కింపు అవుతుండగా లేవడం, కోరం లేదని సభను వాయిదా వేయడం.

2023 జూన్ 14న పన్నెండోసారీ ఇదే జరిగింది. ఒకవైపు హెజ్‌బొల్లా, అమల్ పార్టీలు నిలబెట్టిన సులేమాన్ ఫ్రాంజియే. ఈయన తాత, అదే పేరుగల పెద్ద ఫ్రాంజియే, 1970లో 50–49తో, ఒకే ఒక్క ఓటు తేడాతో అధ్యక్షుడయ్యారు. రెండోవైపు అంతర్జాతీయ ద్రవ్యనిధి అధికారి జిహాద్ అజూర్. ఆయన వెనక సమీర్ జాజా పార్టీ, అల్లుడుగారి పార్టీ చేతులు కలిపాయి. 1990లో జాజా దళాలూ మామగారి సైన్యమూ తూర్పు బీరుట్‌లో ఒకరినొకరు ఫిరంగులతో పలకరించుకున్నాయి. ముప్పై మూడేళ్ల తర్వాత వాళ్లను కలిపింది అజూర్ మీద ప్రేమ కాదు, ఫ్రాంజియే మీద కోపం. ఫలితం: అజూర్‌కు 59, ఫ్రాంజియేకు 51. ఓడినవారు లేచి వెళ్లిపోయారు. తాతకు ఒక్క ఓటు మెజారిటీ సరిపోయింది, మనవడికి ఎనిమిది ఓట్ల లోటు కూడా అడ్డం రాలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర అధ్యక్ష ఎన్నిక కోసం సభనే పిలవలేదు. గొడవే లేదు.

మనవాళ్లు ఈ విషయంలో వెనకబడే ఉన్నారు. 1984లో ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలు చేజారకుండా బెంగళూరు తరలించి కాపలా కాయాల్సి వచ్చింది. అంత శ్రమ, అంత ఖర్చు! బీరుట్‌లో ఎవరినీ ఎక్కడా దాచనక్కర్లేదు. సభ నుంచే సొంతంగా మాయమవుతారు.

ఈలోగా ఒకప్పుడు 1,500 పౌండ్లకు వచ్చిన డాలరు 89,000 దాటింది. బ్యాంకుల్లో దాచుకున్న సొమ్మును జనం తీసుకోలేకపోయారు. రెండు వందల మందికి పైగా చనిపోయిన 2020 నాటి రేవు పేలుడు కేసు ముందుకు కదల్లేదు. వీటిలో ఏదీ కోరం కిందికి రాదు.

ఇది కొత్త జబ్బూ కాదు. మిషెల్ ఔన్ కూడా 29 నెలల ఖాళీ తర్వాతే, 46వ సమావేశంలో, 2016 అక్టోబరు 31న ఎన్నికయ్యారు. ఆ రోజు హాజరైంది 127 మంది, పెట్టెలో కవర్లు 128. ఓటింగ్ మళ్లీ పెట్టారు. జోర్బా ది గ్రీక్‌కు కూడా ఒక ఓటు పడింది. ఆయన నవలలో పాత్ర, పోటీలో లేడు. ఉంటే గట్టి అభ్యర్థే.

తరచూ చివరికి తాళంచెవి సైన్యం జేబులోనే దొరుకుతుంది. 1958లో షెహాబ్, 1998లో లహూద్, 2008లో మిషెల్ సులేమాన్, ముగ్గురూ సైన్యాధిపతులే. మిషెల్ ఔన్ మాజీ సైన్యాధిపతి. ఈసారి జోసెఫ్ ఔన్. ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు. అసలు కథ ఆయన ఉద్యోగంలో ఉంది. ఆయన రిటైరవ్వాలి. అధ్యక్షుడు లేని సమయంలో ఆయన స్థానంలోకి ఎవరిని తేవాలన్నది తేలలేదు. అందుకని అధ్యక్షుణ్ని ఎన్నుకోలేని పార్లమెంటే 2023 డిసెంబరులో ఒకసారి, 2024 నవంబరులో మరోసారి ఆయన పదవిని పొడిగించింది. ఖాళీ కుర్చీ పుణ్యమా అని నిలిచిన ఉద్యోగి నేరుగా ఆ కుర్చీలోకే వెళ్లారు. ఉన్నతోద్యోగి పదవి వదిలి రెండేళ్లు గడవాలంటుంది రాజ్యాంగంలోని 49వ అధికరణం. అనుకుంటూ ఉంటుంది.

ఇజ్రాయెల్ యుద్ధం హెజ్‌బొల్లాను దెబ్బతీసింది, డమాస్కస్ నుంచి సిరియా అధ్యక్షుడు అసద్ పారిపోయాడు, ఫ్రాంజియే తప్పుకున్నారు. సౌదీ, ఫ్రాన్స్, అమెరికా దూతలు బీరుట్ చుట్టూ తిరిగారు. దాంతో అందరికీ ఒక్కసారిగా దేశభక్తి గుర్తొచ్చింది. జనవరి 9న మొదటి రౌండులో జోసెఫ్ ఔన్‌కు 71 ఓట్లే వచ్చాయి. సభ రెండు గంటలు ఆగింది. రెండో రౌండులో 99. మధ్యలో తలుపులు ఎవరికోసం తెరుచుకున్నాయో, ఏం మాట్లాడుకున్నారో వాళ్లకే ఎరుక. బయటికొచ్చిన హెజ్‌బొల్లా పక్షనేత మహమ్మద్ రాద్ తమ జాప్యానికి కారణం చెప్పారు: తాము జాతీయ ఏకాభిప్రాయానికి రక్షకులమని తెలియజెప్పడానికేనట. ఆ రెండు గంటల గురించే చెప్పారు. అంతకుముందు రెండేళ్ల పైచిలుకు ఏం కాపాడారని అడిగేలోపే, అలవాటు ప్రకారం, సభ ఖాళీ అయింది.