కాటాకు ముద్ర ఉంది, కంప్యూటరుకేదీ?

ఆంధ్రప్రదేశ్ తూనికలు కొలతల శాఖ కంట్రోలర్ గారి దివ్యసముఖానికి,

తెనాలి వాస్తవ్యుడు, రిటైరైన లెక్కల మాస్టారు ఒకడు సవినయంగా రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: 23 రూపాయలు.

అయ్యా,

అంకె చిన్నదని లేఖ పక్కన పెట్టకండి. ముప్ఫై మూడేళ్ళు పిల్లలకు కూడికలూ తీసివేతలూ చెప్పినవాణ్ణి. రూపాయి తేడా వస్తే నిద్రపట్టని జబ్బు ఉద్యోగంతో వచ్చింది, పెన్షన్‌తో పాటు ఉండిపోయింది.

మొన్న వేసవిలో ఓ శనివారం మా ఆవిడ కందిపప్పు తెమ్మంది. ఊళ్ళో ఓ సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. ర్యాకు మీద పసుపుపచ్చ చీటీ, దాని మీద కిలో 126 రూపాయలని ఎర్రటి అంకెలు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ 175. అంటే 49 రూపాయలు మిగిలినట్టు. ఇంటికెళ్ళి ఈ ఘనకార్యం ఎలా విన్నవించాలో వరసలో నిలబడే మాటలు పేర్చుకున్నాను. బిల్లులో 149 పడింది.

"ఏమ్మా, అక్కడ 126 అని ఉందే?"

"సిస్టమ్‌లో 149 చూపిస్తోంది సార్."

"ఆ చీటీ పెట్టిందీ మీరే కదమ్మా?"

"ఆఫర్ నిన్నటితో అయిపోయుంటుంది సార్. చీటీ తియ్యడం మర్చిపోయుంటారు. కస్టమర్ కేర్‌లో అడగండి."

కస్టమర్ కేర్ అంటే మన సంచులు పుచ్చుకుని టోకెన్ ఇచ్చే బల్లేనండి. మేనేజర్ గారు భోంచేస్తున్నారని అక్కడి కుర్రాడు చెప్పాడు. పుచ్చకాయల గుట్ట పక్కన పావుగంట నిలబడ్డాను. మేనేజర్ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎంతో మర్యాదగా, సిస్టమ్‌లో అలా ఉంటే తామేమీ చేయలేమన్నారు. రండి చూపిస్తానంటూ ర్యాకు దగ్గరికి తీసుకెళ్ళాను. చీటీ లేదు! నిన్న రాత్రి నుంచి ఎవరికీ గుర్తురాని పని, నేను పుచ్చకాయల దగ్గర ఉన్న పావుగంటలో అయిపోయింది. ఊళ్ళో బద్ధకం పెరిగిపోయిందనేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలి.

అదృష్టం కొద్దీ మా మనవరాలు నేర్పిన విద్య ఒకటుంది. ఆఫర్ చీటీ కనబడగానే ఫోన్లో ఫొటో తీస్తాను. చూపించాను. మేనేజర్ గారు ఫొటో వంక, నా వంక చూసి, "సరే సార్, క్రెడిట్ నోట్ ఇస్తాం" అన్నారు. 23 రూపాయల నోటు. పదిహేను రోజుల్లో వాడాలి. 500 దాటిన బిల్లు మీదే చెల్లుతుంది.

"డబ్బులే ఇచ్చెయ్యండి బాబూ."

"క్యాష్ రిటర్న్ ఆప్షన్ లేదు సార్."

చిత్తగించండి. తీసుకోవడానికి నోట్లు, చిల్లర, కార్డు, ఫోన్‌పే, గిఫ్టు కూపన్లు, ఇన్ని దారులున్న యంత్రానికి వెనక్కివ్వడానికి ఒక్క దారి లేదట. మా ఊరి మధ్యలోంచి మూడు కాలవలు పారుతుంటాయి. నీళ్ళు వెనక్కి రావని చిన్నప్పట్నుంచీ ఎరుగుదుం. డబ్బుదీ అదే తంతని అరవై దాటాక తెలిసింది.

ఈలోగా వెనక వరసలోంచి నా పాత శిష్యుడొకడు, "ఇరవై మూడు రూపాయలకి ఇంత రాద్ధాంతమెందుకు మాస్టారూ" అన్నాడు. ముప్ఫై అయిదు మార్కులతో గట్టెక్కినవాడు. లెక్క కట్టరా అన్నాను. రోజుకి రెండొందల ప్యాకెట్లు అమ్ముడుపోతాయనుకుంటే 4,600. వారం రోజులు చీటీ తియ్యడం మర్చిపోతే 32,200. వాడు ఈసారి తప్పు లేకుండా కట్టాడు. కట్టి, తన బిల్లు కూడా తీసి చూసుకోవడం మొదలెట్టాడు.

ఇక తమరితో పని ఇక్కడ. ప్యాకెట్ మీద అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర వేయాలన్న నిబంధన 1990లో వచ్చింది. తమ శాఖ ఇప్పుడు చేతబట్టిన చట్టం 2009 నాటిది, 2011 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. ఎమ్మార్పీకి పైసా ఎక్కువ తీసుకున్నా నేరమే. కానీ నా కందిపప్పు 175 లోపే కదా? తమ పుస్తకం ప్రకారం ఎవరూ ఏ తప్పూ చేయలేదు. చీటీ మీద ఒకటి, బిల్లులో ఒకటి వేసి జనాన్ని ధర విషయంలో తప్పుదారి పట్టించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపారం. ఆ పుస్తకం వేరే వారిది. అయిదు లక్షల లోపు కొనుగోలుకి రుసుము లేదు, నేనుండే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు, 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే వింటారు. అన్నీ నిజమే. అయినా 23 రూపాయల కోసం వాయిదాలకు తిరిగే మనిషికి మా ఊళ్ళో ఏం పేరు పెడతారో తమరికి తెలియనిది కాదు. తెనాలి పేరు పెట్టుకున్న రామకృష్ణుడికే వికటకవి అన్న బిరుదు తప్పలేదు.

అసలీ సిస్టమ్ ఏమిటో తెలుసుకుందామని కొంచెం చదివాను. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో మార్ష్ అనే సూపర్ మార్కెట్లో తొలిసారి బార్‌కోడ్ చదివి బిల్లు వేశారు. సరుకు రిగ్లీ చూయింగ్ గమ్, ధర 67 సెంట్లు. అప్పట్నుంచి జనం నమ్మిందేమిటంటే, ఆ నల్ల గీతల్లో ధర దాగి ఉంటుందని. నేనూ అలాగే అనుకున్నాను. ఉండదండి. మన సరుకుల మీద ఎక్కువగా 890తో మొదలయ్యే ఆ అంకె వస్తువు పేరు మాత్రమే చెబుతుంది. ధర కొట్టువారి కంప్యూటర్లో ఉంటుంది. దాన్ని ఎక్కించేది ఓ మనిషి. అంటే "సిస్టమ్‌లో అలా ఉంది" అన్న మాటకి "మేం అలా రాసుకున్నాం" అని అర్థం. దేవుడి పేరు చెప్పి పూజారి ప్రసాదం తిన్నట్టు.

ఈ రహస్యం కళ్ళారా చూసింది బాపట్లలో. మా అమ్మాయి కాపురం అక్కడే. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది కదా, ఆ వారంలోనే దసరాకని వెళ్ళాను. అక్కడి ఓ కొట్టు గుమ్మానికి పన్ను తగ్గిందహో అని తోరణంలా బ్యానరు. లోపల సబ్బుల బిల్లు మాత్రం పాతదే. "పాత స్టాకండి" అన్నాడు కుర్రాడు. పన్ను సరుకు తయారైన రోజుని బట్టి ఉండదు నాయనా, అమ్మిన రోజుని బట్టి ఉంటుంది అన్నాను. పాపం, వాడు మంచివాడు. తెర నా వైపు తిప్పాడు. ఒకే సబ్బు, ఒకే బార్‌కోడ్, కింద మూడు ధరలు. సరుకు వచ్చినప్పుడల్లా ఒక ఎమ్మార్పీ చేరుతూ వచ్చిందట.

"ఇందులో ఏది నొక్కుతావు?"

"పైది నొక్కుతామండి."

"కొత్తది పైన ఉంటుందా?"

"లేదండి, పెద్దది పైన ఉంటుంది. అలా సెట్ చేశారు."

అయ్యా, ఈ ఒక్క వాక్యం కోసమే ఈ లేఖ రాస్తున్నానన్నా తప్పులేదు. ధర పెరిగినప్పుడు కొత్తది పైకొస్తుంది. తగ్గినప్పుడు పాతది పైనే కూర్చుంటుంది. చిన్న ఎమ్మార్పీ ఉన్న ప్యాకెట్‌కి పెద్ద ధర పడిందా, అది తమ చట్టం కింద నేరుగా నేరమే. ఎవరూ దొంగతనం చేయడం లేదు, వేలు అలవాటుగా పైదాని మీద పడుతోందంతే.

రేపల్లెలో మా అక్కయ్య ఉంటుంది. తెనాలిలో రైలెక్కితే వేమూరు, భట్టిప్రోలు దాటి లైను ఆగిపోయే ఊరు అది. మొన్న అక్కయ్యకి చూపించి సానుభూతి పొందుదామని కందిపప్పు బిల్లు జేబులో వేసుకుని బయల్దేరాను. భట్టిప్రోలు స్టేషన్ వచ్చినప్పుడు గుర్తొచ్చి తీశాను. కాగితం తెల్లగా ఉంది. వేడికి అంకెలు మాయమయ్యాయి, అలాంటి కాగితమట. ఆ ఊళ్ళోని స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వి తీసిన ధాతుపేటికల మీది రాత రెండు వేల ఏళ్ళు దాటినా చదవడానికి వీలుగానే ఉంది. నా బిల్లు రెండు నెలలు నిలవలేదు. ఆ పేటికలు చెక్కినవాళ్ళకి రీఫండ్ అడిగే ఉద్దేశం లేకపోయినా అంత శ్రద్ధ చూపారు.

అక్కయ్య సూపర్ మార్కెట్ మొహం చూడదు. సందు చివర కిరాణా కొట్టే. అక్కడ లెక్క తప్పితే, "అయ్యో, పొరపాటైందమ్మా" అని గల్లాపెట్టెలోంచి డబ్బులు తీసిస్తాడు, పైన గుప్పెడు పుట్నాలు కొసరు వేస్తాడు. ఇది విని పాత రోజులే బంగారమని నేను పాట ఎత్తుకుంటానేమోనని భయపడకండి. అదే ఆసామి బిల్లివ్వడు. వాళ్ళ నాన్న హయాంలో దండి కొట్టడంలో కొట్టుకి పేరుండేది. ఇప్పటికీ ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తీస్తే ఎమ్మార్పీ మీద అయిదు రూపాయలు కూలింగ్ చార్జీ అంటాడు, అదీ నేరమే. కాకపోతే ఆ తప్పులన్నిటికీ ఒక మొహం ఉంది. అక్కయ్య ఆ మొహం పట్టుకుని తిట్టగలదు. నేను సిస్టమ్‌ని ఎక్కడ పట్టుకోను? బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయిని అందామంటే, కౌంటర్లో డబ్బు తగ్గితే ఆమె జీతంలోంచే పడుతుందని చెప్పింది. నోరు రాలేదు.

ఇక ఒక నేరం ఒప్పుకోవాలి. ఓసారి అరకిలో నెయ్యి బిల్లులో 110 రూపాయలు తక్కువ పడింది. చూశాను. నోరు మెదపలేదు. "దేవుడిచ్చాడులెండి" అంది మా ఆవిడ. వారం తర్వాత వెళితే నెయ్యి ధర సరైపోయి ఉంది. అప్పుడు వెలిగింది. కొట్టుకి నష్టం వచ్చే తప్పుల్ని వెతకడానికి వాళ్ళకి కంప్యూటరుంది, లాభనష్టాల పట్టిక ఉంది, రాత్రి లెక్క చూసే గుమాస్తా ఉన్నాడు. నాకు నష్టం వచ్చే తప్పుల్ని వెతకడానికి నా కళ్ళజోడుంది. ఎవరి కుట్రా లేకపోయినా, వెతికిన తప్పులు పోతాయి, వెతకనివి మిగులుతాయి. మిగిలినవన్నీ ఒకే వైపు మొగ్గుతాయి. కాటా ఇలా మొగ్గితే తమ ఇన్‌స్పెక్టర్ గారు ఏం చేస్తారు?

తమరు చేయగలరా అంటే, చేసేవాళ్ళున్నారండి. అమెరికాలో తమ శాఖ లాంటి తూనికల ఇన్‌స్పెక్టర్లే కొట్టుకొచ్చి, కొన్ని సరుకులు తీసి, ర్యాకు మీద ధరా యంత్రం చూపే ధరా సరిపోల్చి చూస్తారు. నూటికి తొంభై ఎనిమిదైనా కలవాలన్నది అక్కడి కొలమానం. మా తోడల్లుడి కొడుకు మిషిగన్‌లో ఉంటాడు. అక్కడ 2011లో వచ్చిన చట్టం ప్రకారం యంత్రం ఎక్కువ వేస్తే తేడా వెనక్కివ్వాలి, దాంతో పాటు తేడాకి పదింతలు, డాలరుకి తగ్గకుండా అయిదు డాలర్లకి మించకుండా ఇవ్వాలి. కొన్నవాడు 30 రోజుల్లో చెబితే చాలు, కొట్టుకి గడువు రెండు రోజులు. వాడు రెండుసార్లు పుచ్చుకున్నాడట. ఆ లెక్కన నాకు రావలసింది 253 రూపాయలు. అడగడం లేదండి, లెక్క చెబుతున్నాను.

మా వీధిలో కూరగాయల బండి ఆయన ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి ముద్ర వేయించుకోవాలి. లేకపోతే జరిమానా. మంచిదే. నాలుగు టమాటాలు తూచే ఆ కాటా కన్నా, పది కౌంటర్లలో రోజంతా ఊరి జేబులు తూచే ఆ కంప్యూటర్ నమ్మకమైనదని ఎవరు తేల్చారు? ఏడాదికోసారి తమవాళ్ళు వంద సరుకులు ర్యాకు నుంచి కౌంటర్ దాకా మోసుకెళ్ళి చూడాలి. కలిస్తే ముద్ర, ఆ ముద్ర కౌంటర్ మీద అందరికీ కనబడేలా. ఒకే బార్‌కోడ్‌కి మూడు ధరలుంటే చిన్నది పైన ఉండాలి. నగదు తీసుకున్న చేయి నగదే తిరిగివ్వాలి. బిల్లు కాగితం కనీసం నా ఫిర్యాదు తమ బల్ల మీదికి చేరేదాకా బతకాలి.

2022 ఏప్రిల్ 4 నుంచి మా మూడు ఊళ్ళూ ఒక జిల్లాలో లేవు. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. ఈ లేఖ ఏ జిల్లా ఆఫీసుకి బట్వాడా చేయాలన్న చర్చలో ఆలస్యం జరగకూడదని నేరుగా తమకే రాస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
తెనాలి.

జతపరచినవి: గడువు తీరిన 23 రూపాయల క్రెడిట్ నోటు ఒకటి. రేపల్లె దారిలో చిల్లరకి బదులిచ్చిన చాక్లెట్లు రెండు, ఒకటి కరిగింది. రుజువుగా తెల్లకాగితం ఒకటి. ఎండకి పట్టి చూస్తే మూలన 149 లాంటిది కనబడవచ్చు.