అమ్మ ఇగం సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఇగం పడుతున్నది. గద్దె తులసమ్మ ఓర్సుకుంటది గని కుండిల తులసమ్మ ఓర్సుకోదు. పొద్దుగూకినంక నీళ్లు పొయ్యకుండ్రి, మీద బస్తన్న కప్పుండ్రి.”

అవతారిక: మార్గశిరం పోయి పుష్యం చొచ్చే వేళ, నెక్కొండలో మా అరుగు మీద, కుంపటికి చేతులు చాపి, మా అమ్మ ఈ వాక్యాన్ని గాలిలోకి వదిలింది. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టిన మల్లినాథసూరి మన మెదకు సీమ వాడే. ఆయనకు దండం పెట్టి, ఆ ప్రతిజ్ఞలో రెండో సగాన్ని మాత్రం పక్కనబెట్టి, వ్యాఖ్యకు పూనుకుంటున్నాను.

ప్రతిపదార్థం: ఇగం = చలికి పెద్దక్క; తెల్లవారుజామున నెక్కొండ ప్లాట్‌ఫాం మీద కాజీపేట బండి కోసం నిలబడ్డవారికి నిఘంటువుతో పనిలేదు. కుండి = పూలకుండీ అని రూఢి; మా ఇంట్లో మాత్రం గోడలకు వేయగా ఖాళీ అయిన పెయింటు డబ్బా. పొయ్యకుండ్రి = పోయకండి. ఈ బహువచనం గౌరవార్థకం కాదు. అమ్మ నన్నూ నువ్వే అంటుంది, కోడలినీ నువ్వే అంటుంది. ఇద్దరికీ కలిపి వడ్డించాల్సి వచ్చినప్పుడే ‘ఉండ్రి’ దిగుతుంది.

శంక: ఒక్క తులసికే గద్దెలో ఓర్పు, కుండీలో ఓర్వలేనితనం ఎందుకు? సమాధానం: గద్దె మట్టికి కింద నేల ఆసరా ఉంది, పగటి వేడి రాత్రికి కొంత మిగులుతుంది. కుండీలో ఉన్నది కాస్త మట్టి, దానికి చుట్టూ చలిగాలే. పది డిగ్రీల కిందికి జారిందంటే ఆకు నల్లబడుతుంది. ఇగంలో వేరు నీళ్లు తాగడం తగ్గిస్తుంది. మనం భక్తి తగ్గించం. పొద్దున ఒక చెంబు, దీపం పెట్టేటప్పుడు ఒక చెంబు. చల్లటి తడిలో వేరు మురుగుతుంది, ఆకు వాలుతుంది, అయ్యో వాలిందే అని ఇంకో చెంబు. తులసి చలికి చచ్చిందని వాడకట్టంతా అనుకుంటుంది. ఈ వ్యాఖ్యాత మతంలో చంపింది చెంబు.

విశేషం: ఈ న్యాయం దవనానికి చెల్లదు. నవంబరులో విత్తితే మాఘ ఫాల్గుణాలకు కోతకొచ్చే మొక్క అది, చలి దానికి పుట్టిల్లు. మరువం మధ్యధరా తీరాల నుంచి వచ్చింది. మన ఇగాన్ని లెక్కచేయదు గానీ తడికాళ్లతో నిలబడమంటే కుళ్లుతుంది. వామాకు ఒళ్లంతా నీళ్లే, దానికి మళ్లీ నీళ్లెందుకు? ఒక కొమ్మ విరిచి కిటికీలో గుచ్చి పెట్టుకుంటే తల్లి పోయినా పిల్ల ఉంటుంది.

పాఠాంతరం: ‘బస్తన్న కప్పుండ్రి’కి బదులు ‘ఇంట్లన్న పెట్టుండ్రి’ అని చికాగో ప్రతి. అక్కడి మా చెల్లె అక్టోబరు రాగానే కుండీని ఎండొచ్చే కిటికీకి చేరుస్తుంది, లేకుంటే మంచు ఒక్క రాత్రిలో కాల్చేస్తుంది. నెక్కొండకు గోడవార పెట్టి, రాత్రి కప్పి, పొద్దెక్కాక తీస్తే సరి. తీయడం మరిచిపోయేవారు కప్పకపోవడమే మేలు.

తాత్పర్యం: డబ్బా అడుగున చిల్లు లేదు. ద్వాదశినాడు తులసమ్మ పెండ్లి అవుతుండగానే చిల్లు పెట్టమని అమ్మ నాతో అన్నది. కనుక ఈ సూత్రానికి వాచ్యం తులసి, వ్యంగ్యం నేను.

ఆ రాత్రి నేనే లేచి కొట్టంలోంచి బస్తా తెచ్చి కప్పాను. నిరుడు మిరపకాయలు నింపిన బస్తా, దులపలేదు. తెల్లారి దాన్ని తీస్తూ అమ్మ ఏడు తుమ్ములు తుమ్మింది. తర్వాత ఆమె అన్నదానికి టీక రాయలేదు. మేకూ సుత్తీ వెతుకుతున్నాను.