మూత తీసినవా?

మా రోజుల్లో రేడియేటర్ మూత తీయకుండా ఇంజన్ గురించి నోరు విప్పినోణ్ని ఉస్తాద్ షెడ్డు బయట నిలబెట్టేవాడు. ఇప్పుడు ఆ మూత జోలికే ఎవరూ పోరు. పక్కన తెల్ల ప్లాస్టిక్ డబ్బా, దాని మీద రెండు గీతలు. రంగు నీళ్లు ఆ గీతల మధ్య ఉంటే అంతా బాగున్నట్టేనట.

మొన్నటి ఎండల్లో హనుమకొండ అవతల ఒక గ్రానైట్ క్వారీ నుంచి ఫోను. జనరేటర్‌లో నీళ్లు తగ్గడం లేదు, పెరుగుతున్నాయి, పొంగి కింద పడుతున్నాయి. నేను పోయేసరికి ఒక పిల్లగాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, తీగ గుచ్చే రంధ్రం కోసం ఇంజన్ చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. అది పాత 855 కమిన్స్. 14 లీటర్లు, 6 సిలిండర్లు, 3 హెడ్లు. ఆ రంధ్రం దానికి పుట్టుకతోనే లేదు.

“ఏం దొరుకుతలేదు కాకా. మూడు హెడ్లూ మార్చేస్తే పోతది.”

“మూత తీసినవా?”

“వేడిగుంటది కదా?”

“రాత్రి నుంచి బంద్ ఉన్న ఇంజన్ వేడేంది బిడ్డా!”

తీశాను. నీళ్ల మీద వేలు మందం డీజిల్. ఇంజన్ ఆయిల్ నీళ్లలో కలిస్తే పాలు ఎక్కువైన చాయ్‌లా చిక్కగా అవుతుంది. డీజిల్ అట్లా కాదు, వేరుగా పైన తేలుతుంది, ఎండ పడితే నెమలి రంగులు చూపిస్తుంది. ముక్కు దగ్గర పెడితే ఇంకో పరీక్షే అక్కర్లేదు. పై హోసు పైపు నొక్కితే ఉడికిన వంకాయలా లోపలికి పోయింది. నీళ్లకు తట్టుకునే ఆ రబ్బరు డీజిల్‌కు తట్టుకోదు, ఉబ్బిపోతుంది.

ఈ ఇంజన్‌లో డీజిల్ నాజిల్‌కు పోయేది హెడ్డు లోపల తొలిచిన దారుల్లోంచి. నాజిల్ చుట్టూ రాగి స్లీవ్, దాని అవతల నీళ్లు. నాజిల్ కింది ఓ-రింగు చచ్చి, స్లీవ్ పట్టు వదిలితే ఇంజన్ నడుస్తున్నంతసేపూ డీజిల్ నీళ్లలోకి పోతుంది. ఆపగానే కథ తిరగబడుతుంది. డీజిల్ ఒత్తిడి పడిపోతుంది, వేడి నీళ్ల ఒత్తిడి ఇంకా ఉంటుంది, నీళ్లే డీజిల్‌లోకి వస్తాయి. పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజన్ తడబడేది అందుకే. హెడ్డు లోపల పగులు వచ్చినా ఇదే తంతు.

నేనేదో పుట్టు పండితుణ్నని కాదు. కొత్తలో ఇదే జబ్బుకు గ్యాస్కెట్ పోయిందని మూడు హెడ్లూ లేపి, గ్యాస్కెట్లు మార్చి, ఛాతీ విరుచుకుని తిరిగాను. వారంలో బండి మళ్లీ వచ్చింది. మా ఉస్తాద్ కాజీపేట డీజిల్ షెడ్డులో చేసి వచ్చిన మనిషి. తిట్టలేదు, అదే బాధ. “ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకు డీజిల్ ఎట్ల పోతది? బయట ఆ చిన్న కనెక్షన్‌లకెల్లి. గ్యాస్కెట్‌కూ దానికీ ఏం సంబంధం రా?” అన్నాడు. హెడ్డుకు కిరోసిన్ పూయించి, తుడిపించి, సుద్దపొడి చల్లించాడు. పగులుంటే అందులో దాగిన కిరోసిన్ సుద్ద మీద గీతగా పైకి వస్తుంది. ఇప్పుడు ఎర్ర రంగు, తెల్ల పొడి స్ప్రే డబ్బాల్లో వస్తున్నాయి. విద్య అదే.

క్వారీలోనూ ఉస్తాద్ చెప్పిన దారే పట్టాం. హెడ్ల మధ్య కనెక్షన్‌లు విప్పి, ఒక్కో హెడ్డు డీజిల్ దారికి గాలి పట్టించాం. పిల్లగాణ్ని రేడియేటర్ దగ్గర కూచోబెట్టాను. మొదటి హెడ్డుకు ఏం లేదు. రెండో దానికి “బుడగలు కాకా!” అని అరిచాడు. ల్యాప్‌టాప్ అప్పటికి ఎక్కడ పెట్టాడో అతనికే గుర్తు లేదు.

ఆ ఒక్క హెడ్డే లేపి, వేడి నీళ్ల తొట్టిలో ముంచి, గాలి కొట్టి చూస్తే పగులు లేదు, స్లీవ్ దగ్గరే కారుతోంది. ఇంజన్‌ను ఏం అంటాం? ఇన్నేళ్లూ తాగించింది బోరు నీళ్లు. స్లీవ్ అవతల సున్నం పెచ్చు కట్టింది. పాత స్లీవ్‌కు ట్యాపుతో మరలు కోసి, బోల్టు పట్టి లాగాం. గుంత శుభ్రంగా గీకి, కొత్తది దింపి, రోలర్‌తో అంచు విప్పి, కట్టర్‌తో సీటు కోశాం. నాజిల్ మూతికి నీలం రంగు పూసి కూచోబెట్టి తీస్తే సీటు మీద గుండ్రటి గీత పడాలి. మొదటిసారి ఒక పక్క తెగింది. పిల్లగాడు “చాల్లే కాకా” అన్నాడు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మంట. మళ్లీ కోయించాను. ఈసారి గీత చుట్టూ కలిసింది.

మా కాలమంతా బంగారమని అనను. నోటితో డీజిల్ గుంజేవాళ్లం. రేడియేటర్ కడిగిన నీళ్లు షెడ్డు వెనక కాలువలో పోసేవాళ్లం, అవి ఎవరి పొలానికి పోయాయో పట్టించుకోలేదు. ఈసారి డ్రమ్ములో పట్టింది ఆ పిల్లగాడే. నురగ తక్కువ వచ్చే సబ్బుతో మూడుసార్లు కడిగింది కూడా అతనే.

ఆ జనరేటర్ ఇప్పుడు నడుస్తోంది. హెడ్లు మూడూ పాతవే. మారినవి ఒక స్లీవ్, ఒక గ్యాస్కెట్, 6 నాజిళ్లకు 18 ఓ-రింగులు, ఉబ్బిన హోసు పైపులు, రేడియేటర్ మూత.