అశ్వనిర్దోషత్వ సూత్రం – టీకా తాత్పర్య సహితం

మూలం:
గుర్రం ఎన్నడూ తప్పు చేయదు. తప్పు చేసేది రైడరే. పడితేనే పాఠం.
– యాజమాన్యం

అవతారిక. చేవెళ్ల రోడ్డులో, పేరుతో పనిలేని ఒక రైడింగ్ స్కూలు గోడ మీద, జీన్లు పెట్టే గదికీ ఫీజులు కట్టే గదికీ నడుమ, ఈ సూత్రత్రయం నీలం ఆయిల్ పెయింటుతో లిఖితమై ఉంది. అక్కడ ఎవరు పడినా, బడిపిల్లలైనా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లైనా బరాత్ కోసం స్వారీ నేర్చుకుంటున్న పెళ్లికొడుకైనా, కోచ్ ముందు చేసే పని గోడకేసి చెయ్యి చూపించడం. పడ్డవాడు లేచి, మోకాళ్లకంటిన మొరం దులుపుకుని, సూత్రం చదువుకుని, బుద్ధిగా తలూపి మళ్లీ ఎక్కుతాడు. ఇంతటి మహిమ గల వాక్యానికి ఇంతవరకూ వ్యాఖ్య లేకపోవడం సాహిత్యలోకానికి తీరని లోటు. మా మేనకోడలు ఆదివారాలు అక్కడ జంపింగ్ నేర్చుకుంటున్నందువల్లా, ఆ గంటసేపూ వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో మాకు వేరే వ్యాపకం లేనందువల్లా ఈ భారం మా మీద పడింది.

మేము గుర్రం ఎక్కలేదు. ఎక్కినవాడికి వ్యాఖ్య రాసే తీరికెక్కడిది? పైగా ఈ పనికి మన ప్రాంతమే పుట్టిల్లు. కాళిదాసుకు సంజీవనినీ, భారవికి ఘంటాపథాన్నీ, మాఘుడికి సర్వంకషనూ రాసిపెట్టిన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కోలాచలం, ఇప్పటి కొల్చారం. చేవెళ్ల నుంచి కారులో వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.

ప్రతిపదార్థం. గుర్రం = గుర్రం. తక్కినవి స్పష్టం.

విశేషాలు. ‘తప్పు చేసేది రైడరే’ అన్నదాంట్లో సత్యం ఉంది; లేకపోతే ఇంత కోపం వచ్చేది కాదు. దూకాల్సిన కర్ర దగ్గరపడేసరికి కొత్తవాడి చూపు కర్ర మీదికి దిగుతుంది. చూపు వెంట తల, తల వెంట భుజాలు. గుర్రం సరిగ్గా ముంగాళ్లు లేపాల్సిన వేళకు వీడి బరువంతా ఆ ముంగాళ్ల మీదే ఉంటుంది. అది తప్పని తెలిసి వెనక్కి వాలాడా, పగ్గాలు పట్టుకుని వేలాడతాడు; కళ్లెం ఇనుము గుర్రం నోట్లో పళ్లు లేని చోట చిగురు మీద పోటు పొడుస్తుంది. ఆ పోటు కొన్నిసార్లు తిన్న గుర్రం మరోసారి కర్ర ముందు ఆగిపోతుంది. దాని లెక్కలో దూకడమంటే నోటికి దెబ్బ. ఇంకో సంగతి. గుర్రం కళ్లు తలకు చెరో పక్కన ఉంటాయి గనక ముక్కు కిందికొచ్చిన కర్ర దానికి కనబడదు. కొన్ని అంగల ముందే చూసుకుని, ఎత్తూ దూరమూ అంచనా కట్టుకుని, ఆ అంచనా మీద గాల్లోకి లేస్తుంది. అప్పుడు పగ్గం గుంజడం లెక్క చేసుకుంటున్న పిల్లాడి చేతిలోంచి పలక లాక్కోవడమే.

ఇవేవీ కోచ్ చెప్పడు. ‘హీల్స్ డౌన్! లుకప్!’ అని రెండు కేకలు వేస్తాడు. భాష్యం అడిగితే గోడ.

ఇక ‘పడితేనే పాఠం’ అన్నదానికి ప్రమాణం వెతుకుతూ మేము భారతంలోని అరణ్యపర్వంలోకి వెళ్లాం. అంత దూరం వెళ్లినవాళ్లం కాసేపు ఉండి రావడం మర్యాద. అక్కడ అయోధ్య రాజు ఋతుపర్ణుడు తొందరలో ఉన్నాడు. విదర్భలో దమయంతికి మళ్లీ స్వయంవరమట, తెల్లారేసరికి అయోధ్య నుంచి అక్కడికి చేరాలి. సారథి బాహుకుడు, అనగా వేషం మారిన నలుడు, గుర్రపుసాలలో తిరిగి తిరిగి చివరికి బక్కచిక్కిన గుర్రాలను ఎంచి తెస్తాడు. రాజుకు ఒళ్లు మండుతుంది: ఇవేం గుర్రాలయ్యా, ఇవి పోగలవా? సింధుదేశపువని, ఒంటి మీద సుడులు చూడమని నలుడు జవాబిస్తాడు. సరేనని రాజు రథమెక్కుతాడు. ఎక్కీ ఎక్కగానే గుర్రాలు మోకాళ్ల మీద కూలబడతాయి.

వ్యాఖ్యాత ఇక్కడ ఆగి తీరాలి. గుర్రం కూలబడింది, ఎక్కినవాడు కొత్త, పక్కనున్నవాడు భూలోకంలో అశ్వహృదయం తెలిసిన ఏకైక పురుషుడు. ఆయన చేసిందేమిటి? రాజు వైపు తిరిగి, ప్రభువులు కూర్చున్న తీరులో దోషముందనలేదు. గోడ చూపించలేదు. గుర్రాలను బుజ్జగించి లేవదీశాడు, పగ్గాలు సరిచేసుకున్నాడు, తోలాడు. ఆ వేగానికి రాజుగారి ఉత్తరీయం జారిపడింది. ఆపు, తెచ్చుకుందామంటే, అది ఆమడ దూరం వెనకుందన్నాడు నలుడు. ఆ ఉత్తరీయం తర్వాత ఎవరికి దొరికిందో కూడా రాయాలనుంది గాని గ్రంథవిస్తర భీతి.

దారిలో తాండ్రచెట్టు కనబడుతుంది. రాజు దాని ఆకులూ కాయలూ చూపుతోనే లెక్క చెబుతాడు. నలుడు నమ్మక, చెట్టు కొట్టి మరీ లెక్కపెట్టి, నోరు వెళ్లబెడతాడు. అప్పుడు కుదిరింది బేరం: రాజు పాచికల మర్మమైన అక్షహృదయం ఇవ్వాలి, సారథి అశ్వహృదయం ఇవ్వాలి. విదర్భకు పొద్దుపోతోంది గనక రాజు తన విద్య అక్కడికక్కడే ఇచ్చేసి, తనకు రావలసింది నీ దగ్గరే నిక్షేపంగా ఉండనీ అన్నాడు. పాఠకులు గమనించాలి. ఇది ఫీజు ముందు, పాఠం తర్వాత అన్న ఒప్పందం. అచ్చంగా మన స్కూలు ‘ప్యాకేజీ’. తేడా ఒక్కటే. పని ముగిశాక నలుడు ఆ అశ్వహృదయాన్ని రాజుకు అప్పగించాడు. వాలిడిటీ అయిపోయిందనలేదు. వానొచ్చిన రోజును జరిగిన క్లాసు కిందే రాసుకుంటామనలేదు.

విరాటుడి కొలువులో నకులుడి సంగతీ ఇంతే. తిక్కనగారు దామగ్రంథి అని పిలిచిన ఆ పెద్దమనిషి ఉద్యోగం అడుగుతూ చెప్పుకున్న అర్హతలు పెంకె గుర్రాన్ని దారికి తేవడం, జబ్బు గుర్రానికి వైద్యం చేయడం. గుర్రం బాగోగులన్నీ తన నెత్తిన వేసుకున్నాడు గాని ఎక్కబోయేవాళ్ల తప్పులు ఎంచుతానని చెప్పుకోలేదు.

ఎక్కడున్నాం? ఆఁ, పడితేనే పాఠం. తార్కికులు దీనిలో రెండు దోషాలు పడతారు. మొదటిది అవ్యాప్తి. 1892లో ఐసీఎస్ వారి గుర్రపుస్వారీ పరీక్షకు అరవింద ఘోష్ వెళ్లనే లేదు. ఎక్కనివాడు పడడు. అయినా ఆ గైర్హాజరు నుంచి దేశానికి అందిన పాఠాలు కొన్ని సంపుటాలున్నాయి. రెండోది అతివ్యాప్తి. దీనికి ఉదాహరణగా కాప్రిల్లీ అనే ఇటలీ అశ్వదళాధికారిని తెచ్చుకోవాలి.

ఫెడెరీకో కాప్రిల్లీకి ముందు యూరప్ సైనికులంతా గుర్రం దూకేటప్పుడు వెనక్కి వాలేవారు. దిగేటప్పుడు గుర్రం ముంగాళ్లు బరువు మోయలేవని, అందుకని రౌతు వెనక్కి పోవాలని వాళ్ల బడుల్లో పాఠం. దాంతో జీను వెనకభాగం నడుముకు గుద్దుకుని, నోరు పగ్గాలకు బిగుసుకుని, వెనకకాళ్లు కర్రకు తగిలి గుర్రాలు నానా యాతనా పడేవి. కాప్రిల్లీ రౌతు లేని గుర్రం ఎలా దూకుతుందో చూశాడు. మెడ ముందుకు చాచి, వెన్ను విల్లులా వంచి పోతుంది. అయితే రౌతు దానికి అడ్డు రాకూడదు. రికాబులు పొట్టి చేసి, పిరుదులు జీనుకు కాస్త ఎత్తున ఉంచి, చెయ్యి ముందుకు వదిలి, గుర్రంతోపాటు పోవాలి. పైవాళ్లు మొదట చికాకుపడ్డారు. 1902లో తూరిన్‌లో ఆయన తన గుర్రంతో 2.08 మీటర్లు దూకి చూపించాడు. పినెరోలో, తోర్ ది క్వింతో అశ్వదళ బడుల్లో ఆ పద్ధతే పాఠమైంది; తర్వాత లోకమంతా అదే. ఇవాళ చేవెళ్ల రోడ్డులో మా మేనకోడలు ముందుకు వంగుతున్నదీ ఆయన చలవే. అంతటివాడు 1907లో అదే తూరిన్‌లో గుర్రం మీంచి పడి, ముప్పైతొమ్మిదేళ్ల వయసులో పోయాడు. అది ఏం పాఠమో యాజమాన్యం సెలవివ్వాలి.

ఇక్కడ మాకు కావలసింది ఇంకొకటి. తరతరాల పాటు కర్రలు పడగొట్టిన తప్పెవరిది? గుర్రానిది కాదు, సరే. రౌతుదా? అతను బడిలో నేర్పినట్టే కూర్చున్నాడు కదా. తప్పు బడిది.

పూర్వపక్షం. అది పాతకాలం, ఇప్పుడు బడులన్నీ సరిగ్గానే చెబుతున్నాయంటారా? అయితే సుల్తాన్ సంగతి వినండి.

సుల్తాన్ మలక్‌పేట రేసుల్లో పరుగెత్తి రిటైరైన గుర్రం. ఒక ఆదివారం పొద్దున్న మా మేనకోడలిది దానికి మూడో క్లాసు. ఎక్కే ముందు సాయిసు కుర్రాడు దాని ముంగాలు మోకాలి కింద నుంచి గిట్ట దాకా అరచేత్తో మెల్లగా నిమిరి, మధ్యలో ఒకచోట చెయ్యి ఆపాడు. రెండో కాలూ అలాగే తడిమి, మళ్లీ మొదటిదానికొచ్చాడు. ఏమైందని అడిగాను.

‘గరం ఉంది సార్. నిన్నటి నుంచీ ఇట్లనే ఉంది.’

‘మరి చెప్పలేదా?’

‘చెప్తే ఇంటరా సార్? ఎనిమిదింటి క్లాసు ఎవరు జేస్తరు మరి?’

గర్త్, అనగా జీనును పొట్ట కింద నుంచి కట్టే పట్టీ, బిగించేటప్పుడు సుల్తాన్ పొట్ట ఉబ్బించింది. పాతకాపు గుర్రాలు చాలావరకు చేసే పనే. నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించాలన్నది గుర్రంతో బతికే ఎవరికైనా తెలుసు. ఎవరూ బిగించలేదు, కోచ్ ఫోన్లో ఉన్నాడు. మైదానం ఇసుక కాదు, మొరం. ఏప్రిల్‌లో అది సిమెంటుకు తోబుట్టువు. అరటన్ను గుర్రం దూకి దిగేటప్పుడు ముందుగా నేల తాకేది ఒకే ఒక ముంగాలు, మొత్తం బరువు దాని మీదే. ఆ కాలే గరం ఉన్నది. ఇక కర్ర. చిన్న అడ్డుకర్రే, కానీ పచ్చగడ్డి గట్టు ముందు దానికి ముచ్చటగా ఎర్రరంగు వేశారు. గుర్రానికి ఎరుపూ ఆకుపచ్చా విడివిడిగా కనబడవు. బ్రిటన్ రేసుల్లో అడ్డుకర్రలకున్న నారింజరంగు తీసి తెల్లరంగు వేయడం 2022లో మొదలుపెట్టింది ఇందుకే. అక్కడివాళ్లు గుర్రాన్నీ అనలేదు, జాకీనీ అనలేదు. పెయింటు డబ్బా మార్చారు.

సుల్తాన్ కర్ర దాకా వచ్చి ఆగింది. జీను పక్కకు జారింది. పిల్ల దాని మెడ మీంచి వెళ్లి అవతల పడింది. హెల్మెట్ ఉంది గనక మోచెయ్యి గీరుకోవడంతో పోయింది. కోచ్ ఫోన్ జేబులో పెట్టుకుని, ‘చూపు కిందికి పోయింది బేటా’ అన్నాడు. చెయ్యి గోడకేసి లేచింది. మా మేనకోడలు నావైపు తిరిగి, ‘నాదే తప్పు మావయ్యా, కిందికి చూశాను’ అంది. పన్నెండేళ్ల పిల్ల. కన్నీళ్లు తుడుచుకుంటూ ఆ మాట అంది. ఈ వ్యాఖ్య పుట్టింది అప్పుడు.

అధ్యాహారం. మూలంలో లేని పదాన్ని అర్థం కుదరడానికి బయటి నుంచి తెచ్చుకోవడం వ్యాఖ్యాతల హక్కు. ఈ సూత్రంలో ఇద్దరే ఉన్నారు: తప్పు చేయని గుర్రం, తప్పు చేసే రైడరు. మొరం ఎవరు పరిచారు, గర్త్ ఎవరు బిగించాలి, గరం కాలుకు సెలవెవరివ్వాలి, వీటికి కర్త కావాలి. మేము ఎక్కడెక్కడో వెతికాం. ఆ కర్త బోర్డు అడుగునే, అడ్డగీత పక్కన సంతకం పెట్టి ఉన్నాడు.

ఈ మాట ఆఫీసు గదిలో అంటే, చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితం తీశారు. గుర్రం ప్రవర్తన వల్ల గాని, మైదానం వల్ల గాని, సామగ్రి వల్ల గాని ఏం జరిగినా స్కూలుకు బాధ్యత లేదట. గోడ శ్రుతి, కాగితం స్మృతి. శ్రుతి ప్రకారం గుర్రం తప్పే చేయదు. స్మృతి ప్రకారం గుర్రం చేసే తప్పులకు వీళ్లు జవాబుదారులు కారు. చేయని తప్పుకు ముందుగానే ఇంత గట్టి మినహాయింపు ఎందుకని అడిగాను. ‘అది లీగల్ సార్’ అన్నారు. మీమాంసకులు సైతం చేతులెత్తేసే చోటు అది. మిగిలిన క్లాసుల డబ్బు అడిగితే ప్యాకేజీ నాన్‌రిఫండబుల్ అన్నారు. మేము బయటికొచ్చేసరికి ఎనిమిదింటి క్లాసుకు సుల్తాన్‌కే జీను వేస్తున్నారు.

ఇది వేపచెట్టు నీడను ప్లాస్టిక్ కుర్చీ నధిష్ఠించినవాడును, అశ్వారోహణ మెరుగనివాడును, ముందుగా ఫీజు కట్టినవాడును నగు మేనమామచే విరచితంబైన అశ్వనిర్దోషత్వ సూత్రవ్యాఖ్యయందు ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసము రిఫండు వచ్చిన పిమ్మట.