కారు మహిమ, కాలినడక ఖర్మ

సొంత కారు ఘనతను నిరూపించదలచినవారికి నంద్యాల, ఆళ్లగడ్డల మధ్యనున్న సుమారు 40 కిలోమీటర్ల దారికి మించిన ప్రయోగశాల దొరకదు. 2016లో పూర్తయిన నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పోయి ఆళ్లగడ్డను పలకరించనైనా లేదు కనుక, కారుకు పోటీగా మిగిలినది ప్రధానంగా ఆర్టీసీ బస్సే. ఆ బస్సు యాభైమందిని ఒక్క ఇంజనుతో లాక్కుపోవడం, ఊరూరా ఆగడం, 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్లను డబ్బులు అడగకుండా ఎక్కించుకోవడం వంటి అవలక్షణాల వల్ల పెద్దమనుషులకు తగదు. కారులోనైతే యజమాని ఒక సీటులో కూర్చుని, మిగిలిన నాలుగింటిలో తన హోదాను కూర్చోబెట్టుకుని వెళ్లవచ్చు.

నంద్యాల చేరాక కారు రెండో మహిమ అయిన పార్కింగ్ వెల్లడవుతుంది. నడిచేవారి జాగాను నిలిచిన బండికి ధారాదత్తం చేసే ఆచారానికే ఆ పేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఇది పార్టీ కాదు, రోడ్ల కొలతలకు ప్రమాణాలు చెప్పే ఇంజనీర్ల సంస్థ) ఫుట్‌పాత్‌పై కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డంకి లేకుండా ఉండాలంటుంది. మోస్తరు కారు వెడల్పూ ఇంచుమించు అంతే కావడాన్ని వాహనదారులు దైవసంకల్పంగా స్వీకరించారు. కూరగాయల సంచీతో వచ్చిన ఇల్లాలు సైడ్ మిర్రర్‌కు కొంగు తగలకుండా ఒదిగి రోడ్డు మీదికి దిగితే, వెనక నుంచి హారన్ మోగించి ఆమెకు ట్రాఫిక్ నిబంధనలు బోధించేవారికి కొదవ లేదు. నవనందుల సీమలో కదలని వాహనానికి మొక్కడం కొత్త కాదు గాని, ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన నందికైనా చుట్టూ ప్రదక్షిణకు చోటు వదులుతారు.

1977లో నీలం సంజీవరెడ్డిని, 1991లో పి.వి. నరసింహారావును లోక్‌సభకు గెలిపించి పంపిన నియోజకవర్గానికి, ఒక ముసలాయనను రోడ్డు అవతలికి పంపడం మాత్రం ఇంకా చేతకాలేదు.

ఇంతటి సిద్ధాంతంలోనూ ఒక్క లోపముంది: కారు బట్టల కొట్టులోకి దూరదు. యజమాని దిగక తప్పదు, దిగిన మరుక్షణం ఆయనా పాదచారే; అప్పుడు అడ్డంగా నిలిచిన పరాయి కారును చూసి ఫుట్‌పాత్‌లు ఏమయ్యాయని మునిసిపాలిటీని నిలదీస్తాడు. ఊరిలో పౌరచైతన్యం పుట్టేది ఆ పాతిక అడుగుల్లోనే. తాళంచెవి మళ్లీ చేతికి రాగానే అది చల్లారిపోతుంది.