నందిగాం కత్తిపీట చెప్పుకున్న కథ

నా కత్తి ఒకప్పుడు లారీ కమాను పట్టీ. టెక్కలి నుంచి పలాస పోయే పెద్ద రోడ్డు మా మండలం మీదుగానే సాగుతుంది కాబట్టి విరిగిన కమాను పట్టీలకు కమ్మరి కొలిమిలో ఎప్పుడూ కొదవ ఉండేది కాదు. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, వంపు తిప్పి, కొసన కొబ్బరి కోరడానికి పళ్లు కోశాడు. పీట మాత్రం పెరట్లోని పనసచెట్టుది. సగం రోడ్డు సొత్తు, సగం తోట సొత్తు నేను.

నన్ను చేయించింది ఈ ఇంటి పెద్దావిడ. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో నన్ను చూపించి, "ఓలే, దీని ముందు కూకున్నప్పుడు ఊసులాడకు. దానికి నీ ఏలూ ఒకటే, ఆనపకాయా ఒకటే" అని చెప్పింది. అంతకు మించిన పరిచయం నాకు ఎవరూ చెయ్యలేదు.

నా ఏడాది పనస పిందెతో మొదలవుతుంది. పొట్టు కొట్టే రోజున ముందు నాకు నూనె రాస్తారు, తర్వాత అరచేతులకు. నూనె లేకపోతే పనసపాలు పట్టుకున్నచోట పట్టుకుని వదలవు. కాయను నిలువునా చీలుస్తాను. తెల్లటి పాలు బొట్లు బొట్లుగా ఊరతాయి. గుడ్డతో తుడిచి, ముళ్ల చెక్కు తీసి, నడిమి దూట పశువులకు పడేసి, ముక్కల్ని చాకు కింద పొట్టుగా కొడతారు. ఉడికించి, చింతపండు పులుసు పోసి, ఎండుమిరప పోపు వేసి, దించాక ఆవ కలుపుతారు. ఆ ఘాటు వీధి గుమ్మం దాకా వెళ్లి, వచ్చే పోయేవాళ్లను లోపలికి పిలుస్తుంది.

ఎండలు ముదిరే వేళకు పచ్చి జీడిపిక్కలు వస్తాయి. చేతులకు బూడిద పూసుకుని నా మీద రెండు చెక్కలు చేసి, పుల్లతో పప్పు లాగుతారు. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఇంటి కూరకు గుప్పెడు పిక్కలు కోస్తేనే వేళ్లు నల్లబడతాయి. పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో రోజంతా పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు ఎలా ఉంటాయో అప్పుడు తెలుస్తుంది. పండక్కి పాయసంలో తేలే తెల్లటి గుండు ఆ చేతుల మీదుగా వచ్చిందే.

భావనపాడు వైపు నుంచి చేపల గంప వచ్చిన రోజు నన్ను పెరట్లోకి తెస్తారు. కవళ్లు, కానాగంతలు జారిపోకుండా బూడిదలో దొర్లించి పొలుసు గీస్తారు. గంప రాని రోజున ఎండు నెత్తళ్లు, వంకాయ. తెల్లారి పొలానికి పోయేవాళ్లకు చోడి అంబలి, నంజుకోడానికి నేను కోసిన ఉల్లిపాయ. పెద్దావిడ మామగారు రంగం (రంగూన్) వెళ్లి బియ్యం మిల్లుల్లో పనిచేసి వచ్చినాయన. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారట. అంబలి గిన్నె ఎత్తినప్పుడల్లా ఆ కథ ఎత్తేవారు. దారిలో ఆకలి గురించి చెప్పేవారు తప్ప బాంబుల గురించి కాదు.

నా పని మారిపోయింది పెద్దావిడ పెనిమిటికి, మా పెద్దాయనకు, కిడ్నీ జబ్బు వచ్చినప్పుడు. మా పక్కనే ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు ఎందుకింతగా ఉందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. డాక్టరు రాసిచ్చిన కాగితంలో సగం మా ఇంటి వంటలే, అన్నీ వద్దన్నవే. కొబ్బరి బొండం వద్దు, ఎండు చేప వద్దు, ఉప్పు తగ్గించాలి. కూరముక్కలు బాగా చిన్నవిగా కోసి, నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబొయ్యాలి. కోడలు వేలెడు ముక్కను నాలుగు చేసేది. తోట నిండా బొండాలు వేలాడుతుంటే, తోటకు నీళ్లు కట్టిన మనిషి గుక్కెడు కొబ్బరినీళ్లు తాగకూడదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి మంచినీళ్ల పథకం 2023 డిసెంబరులో వచ్చాయి. పెద్దాయన అంతదాకా లేరు.

2018 అక్టోబరు 11. ఇంకా తెల్లారకముందే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. చెట్లు విరిగే చప్పుడు రాత్రంతా విన్నాను. ఆ తర్వాత కరెంటు లేదు, నీళ్లు లేవు, కొబ్బరికాయలు మాత్రం కావలసినన్ని. పడిపోయిన చెట్ల కాయలు ఎవరూ కొనరు. పచ్చడి, కొబ్బరన్నం, కొబ్బరి లౌజు, ఏది చేసినా కొబ్బరే. నా పళ్లకు అంత పని ఎన్నడూ పడలేదు. పనసచెట్టు వేళ్లతో సహా లేచింది, జీడితోట నేలకు పరుచుకుంది. మరుసటి ఏడు కోడలు సంతలో కోనసీమ కాయ కొని తెచ్చింది. ఉద్దానం పక్కన ఉండి కొబ్బరికాయ కొనడం! ఆ కాయ కోరుతున్నప్పుడు ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

మనవడు ఓడలో పని చేస్తాడు. ఆ తుపాను తర్వాత సెలవు మీద వచ్చి, పీట మీద కాలు వేసి కూర్చుని, కొబ్బరి కోరుతూ చెప్పాడు.

"నానమ్మా, మా ఓడలో వంటోడిది ఫిలిప్పీన్స్. ఆళ్లూ మూడు పూటలా అన్నమే తింతారు."

"కూరేటి?"

"పనసకాయ కొబ్బరిపాలల్లో ఉడకేస్తారు. పొద్దున్నే ఎండు చేప ఏపుడు, ఎల్లుల్లి ఏసి ఏపిన అన్నం. పెసల పులుసులో మునగాకు. పుల్లకూరకి చింతకాయ."

"మరి కొబ్బరెలా కోరతారు?"

"ఇలాంటి పీటే. గుర్రమెక్కినట్టు దాని మీద కూకుని, ముందున్న పళ్లకేసి కోరతారట."

నానమ్మ నా వైపు చూసింది. సముద్రానికి అవతల నాకు చుట్టం ఉందని అలా తెలిసింది. జీడి కూడా మా ఇద్దరికీ పరాయి వాళ్ల చేతి మీదుగా వచ్చిందేనట. మాకు పోర్చుగీసువాళ్లు తెస్తే, వాళ్లకు మెక్సికో నుంచి స్పానిష్ ఓడలు తెచ్చాయి. తుపాన్లూ అంతే. 2013లో మన తీరానికి అక్టోబరు 12న పైలిన్ తుపాను వస్తే, నెల తిరగకుండానే నవంబరు 8న వాళ్ల మీద హైయాన్ పడింది. మూడు కోట్లకు పైగా కొబ్బరిచెట్లు పోయాయట. ఆ వంటోడి వాళ్ల తోట కూడా అందులోనే పోయింది. తిత్లీ కబురు ఓడకు చేరిన రోజున మనవడి కంచంలో వేపుడు చేప ఒకటి ఎక్కువ వేసి, ఏమీ అనకుండా పక్కన కూర్చున్నాడట.

"మళ్లీ నాటుకున్నారా?" అని అడిగింది నానమ్మ.

"నాటుకున్నారు. కాయ పట్టేదాకా ఏటి తినాల, ఎలా బతకాల? అదే ఆ వంటోడు ఓడెక్కడానికి కారణం" అన్నాడు. తను ఎందుకు ఎక్కాడో వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు గట్టు మీద నిలబడి చాకుతో కోస్తున్నారు. కొబ్బరి మిక్సీలో తిరుగుతోంది. నాకు కోపం లేదు, కోడలి మోకాళ్ల సంగతి నాకు తెలుసు. అయితే ఈమధ్య మనవడు పట్నంలో కత్తిపీటలు గాజు బీరువాల్లో పెడుతున్నారని, నన్నూ వార్నిష్ వేయించి ముందు గదిలో పెడదామని అన్నాడు. ఒప్పుకోను. తుపాను తర్వాత నాటిన మొక్కలు గెలలు వేస్తున్నాయి, పక్క పెరట్లో బతికిన పనస పిందె వేసింది. పనసకాయ ముందు మీ చాకు ఎంతసేపు నిలబడుతుందో నేనూ చూస్తాను. వార్నిష్ డబ్బులతో సాన పట్టించండి, నూనె గిన్నె దగ్గర పెట్టుకోండి, ఊసులాడకుండా కూర్చోండి. మిగతా పని నాది.