అంగుళం తగ్గితే చెల్లదు

టెక్సస్‌లో పిస్తోలు పర్మిటు రద్దయిందని గిట్టనివాళ్లు పుకార్లు పుట్టిస్తున్నారు. అబద్ధం. పర్మిటు ఎక్కడికీ పోలేదు, చేతులు మారిందంతే. ఇదివరకు పిస్తోలు వెంట పెట్టుకు తిరిగేవాడు తెచ్చుకోవాల్సి వచ్చేది. 2021 సెప్టెంబరు 1 నుంచి పిస్తోలు వద్దన్నవాడు తలుపుకు తగిలించుకోవాల్సి వస్తోంది.

ఫ్రిస్కోలో టిఫిన్ సెంటరు నడిపే బాబాయి ఒకాయన ఉన్నాడనుకోండి. పెసరట్టుకు వచ్చేవాళ్లు పిస్తోలు కారులో వదిలి రావాలని ఆయన కోరిక. పిస్తోలు బొమ్మ మీద ఎర్రగీత కొట్టి తలుపుకు అంటించాడు. పర్మిటు (చట్టం దాన్ని లైసెన్సు అంటుంది) ఉన్నవాడికి అది ఉత్త బొమ్మే. శిక్షాస్మృతి 30.06 కింద ఒక బోర్డు కావాలి: అది చొక్కా కింద దాచుకున్న లైసెన్సుదారుకి. 30.07 కింద ఇంకోటి: అది నలుగురికీ కనబడేలా కట్టుకున్న లైసెన్సుదారుకి. మరి లైసెన్సే లేనివాడికో? వాడికి 30.05. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, చట్టంలో ఉన్న మాటలే (30.05కు దాదాపు అవే అయినా చాలు), అంగుళానికి తగ్గని అక్షరాల్లో, కొట్టొచ్చినట్టు కనబడే రంగులో రాయించాలి. ముప్పావు అంగుళంలో రాయించాడా, తప్పు బాబాయిదే. నడుముకు కట్టుకొచ్చినవాడు చట్టాన్ని గౌరవించే పౌరుడు. ఇన్ని బోర్డులయ్యాక తలుపు మీద దోసెల ధరలకు చోటు మిగిలితే అదే పదివేలు.

అన్నీ సలక్షణంగా ఉన్నా లోపలికొచ్చాడనుకోండి, జరిమానా 200 డాలర్లు దాటదు. బయటికి వెళ్లమని నోటితో చెప్పాక కూడా కదలకపోతేనే నేరం పెద్దదవుతుంది. అంటే, మూడు బోర్డులనూ లెక్కచెయ్యని మనిషి నడుముకేసి చూస్తూ “అయ్యా, ఇక దయచెయ్యండి” అనే ముచ్చట కూడా బాబాయికే.

బార్లకు లెక్క వేరు. రాబడిలో 51 శాతం అక్కడే తాగించిన మందు మీద వస్తే పిస్తోలు నిషిద్ధం. అయిదంగుళాల ఎర్ర అంకె వేలాడదీయాలి. 49 శాతమైతే అక్కర్లేదు. ప్రమాదమంతా ఆ మధ్యనున్న రెండు శాతంలోనే ఉందని శాసనసభ కనిపెట్టింది. పిస్తోలుకు శిక్షణ అడగని ఇదే రాష్ట్రం గోళ్లకు రంగు వేసే పనికి మాత్రం 600 గంటల శిక్షణ అడుగుతుంది. రంగు ఒలికితే మరకలు పోవు మరి.

పాత లైసెన్సు ఇప్పటికీ ఇస్తున్నారు, సరదా ఉన్నవాళ్లకి. అదీ దండగ కాదు, ఓటు వెయ్యడానికి గుర్తింపు కార్డుగా పనికొస్తుంది. విశ్వవిద్యాలయం ఇచ్చిన కార్డు పనికిరాదు.

పర్మిటు అక్కర్లేదన్న ఈ చట్టం సంతకాల వేడుకను గవర్నర్ గ్రెగ్ అబాట్ చరిత్రాత్మక అలమో కోట దగ్గర జరిపారు. జాతీయ రైఫిల్ సంఘం పెద్ద వేన్ లాపియర్ కూడా వచ్చాడు. మరుసటేడు మేలో అదే సంఘం హ్యూస్టన్‌లో మహాసభ పెట్టింది. ట్రంప్ ప్రసంగించే హాల్లోకి తుపాకులు తేవద్దని సీక్రెట్ సర్వీసు చెప్పింది. మంచివాళ్ల చేతిలో తుపాకులు ఎన్ని ఎక్కువుంటే అంత క్షేమమని ఏడాది పొడుగునా బోధించేవాళ్లు ఆ పూట వట్టి నడుములతో బుద్ధిగా వెళ్లి కూర్చున్నారు. అక్షరాలు అంగుళమున్నాయా అని స్కేలు పట్టినవాడు కనబడలేదు.

ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాలది ఈ పర్మిటు లేని బాటే. మన హెచ్‌-వన్‌-బి కుర్రాళ్లకు మాత్రం ఈ స్వేచ్ఛ లేదు. ఆ వీసా మీదున్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. అయ్యో అనకండి, మినహాయింపు ఉంది: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే పెట్టుకోవచ్చు. వీసా కాగితం, పొడిగింపు కాగితం, గ్రీన్‌కార్డు వరస కాగితం దాచుకునే ఫైలులో ఇంకో కాగితం పట్టకపోదు. దుప్పిని కొట్టడం రాకపోయినా ఫర్వాలేదు; ఆ చట్టం అడిగేది లైసెన్సునే, వేటను కాదు.